కొలువు పోయిన వాక్యంలో కర్త ఎవరు? - తెలుగు కార్యాలయ భాష, కార్మిక న్యాయం: ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
ఉద్యోగికీ యజమానికీ మధ్య వివాదం తరచుగా ఒక వాక్యం దగ్గర మొదలవుతుంది. ఉద్యోగం పోయిందని తెలిపే ఆ వాక్యంలో కర్తస్థానం ఎవరిదన్నదాన్ని బట్టి నోటీసు, విచారణ, పరిహారం వంటి హక్కుల ప్రశ్న తలెత్తుతుంది. 'తొలగించడమైనది', 'గడువు ముగిసినది', 'సెల్ఫ్ డిస్మిస్' అనే మూడు ప్రయోగాలను వ్యాకరణ దృష్టితో, సుప్రీంకోర్టు తీర్పుల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: కర్త, ప్రేరణార్థకం, కార్యాలయ భాష, తొలగింపు, పారిశ్రామిక వివాదాల చట్టం, ఆర్టీసీ సమ్మె, సుబేదారి.

1. ఉపోద్ఘాతం:
హనుమకొండలోని సుబేదారి ఒక కొలువు పేరును మోస్తున్న ప్రాంతం. నిజాం పాలనలో సుబాకు అధిపతి సుబేదారు. ఆ పాలన తెలంగాణ తెలుగుకు నౌకరీ, ఇస్తీఫా, బర్తరఫ్ వంటి మాటలను మిగిల్చింది. ఇస్తీఫా 'ఇస్తారు', బర్తరఫ్ 'చేస్తారు'. నామం ఉర్దూ ద్వారా వచ్చినా క్రియ తెలుగుదే. మొదటిదానికి కర్త ఉద్యోగి, రెండవదానికి కర్త యజమాని. ఎవరు వదిలారో, ఎవరు వదిలించారో ఆ క్రియలు దాచలేదు. తర్వాతి కార్యాలయ భాష ఈ భేదాన్ని ఎంతవరకు నిలుపుకుందన్నది ఇక్కడి ప్రశ్న.

2. 'తీసేశారు' - 'తొలగించడమైనది':
తెలుగు క్రియ ఈ భేదాన్ని ధాతువులోనే చూపగలదు. 'మానుకొన్నాడు' అంటే నిర్ణయం అతడిది. 'మానిపించారు' అంటే మరొకరిది. 'తొలగు', 'తొలగించు' జంట కూడా ఇటువంటిదే. ప్రేరణార్థంలో ఇంచుక్కు వస్తుందని బాలవ్యాకరణం చెప్పిన సూత్రానికి పని స్థలంలో ఇంతటి ప్రయోజనం ఉంది.

కార్మికుడు 'పనిలోంచి తీసేశారు' అన్నప్పుడు కర్తృపదం వాక్యంలో కనిపించదు. అయినా క్రియాంతంలోని '-ఆరు' ఆ పని చేసినవారు మనుషులేనని చెబుతుంది. కార్యాలయ ఉత్తర్వు అదే విషయాన్ని 'తొలగించడమైనది' అంటుంది. ఇక్కడ క్రియ నామంగా మారి, దానికి అమహదేకవచనమైన 'ఐనది' చేరింది. మనుషులు చేసిన పని తనంతట జరిగిన సంఘటనగా మిగిలింది. ఉత్తర్వు అడుగున అధికారి సంతకం ఉంటుంది కదా అనవచ్చు. సంతకం ఉత్తర్వు ఇచ్చినవారిని తెలుపుతుందే గాని నిర్ణయం ఎవరిదో, ఏ కారణంతో జరిగిందో తెలుపదు. వివాదంలో ఉద్యోగి అడిగేది ఈ రెండే.

కార్మికుల మాటలోనూ కర్త లోపించే సందర్భాలున్నాయి. 'ఉద్యోగం ఊడింది', 'పని పోయింది' అటువంటివే. అయితే అవి నష్టపోయినవాడి వేదనను చెప్పే వాక్యాలు. హక్కును రద్దుచేసే వాక్యాలు కావు. రెండింటినీ ఒకే కొలతతో చూడరాదు.

3. కాలమే కర్తగా:
'గడువు ముగిసినది' అనే వాక్యంలో కర్త కాలం. కాలంపై దావా వేయడం కుదరదు. 1976లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా - సుందర మణి కేసులో సుప్రీంకోర్టు ఈ వాక్యాన్నే ఎదుర్కొన్నది. నియామకపు ఉత్తర్వులోనే ముగింపు తేదీ ఉన్నందున తాము ఎవరినీ తొలగించలేదన్నది బ్యాంకు వాదన. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ 'ముగించు' అనే క్రియ పరిధిని విశాలంగా గ్రహించారు. యజమాని చేసిన చర్యే కాక, ఏ విధంగా ఏర్పడినదైనా ముగింపు అందులో చేరుతుందని నిర్ణయించారు. ఒక క్రియకు చెప్పిన అర్థం ఒక ఉద్యోగిని తిరిగి కొలువులో నిలిపింది.

1984 సవరణ ఈ అర్థాన్ని కుదించింది. గడువు తీరిన ఒప్పందాన్ని పునరుద్ధరించకపోవడం 'రిట్రెంచ్‌మెంట్' కాదని చట్టంలో చేర్చింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా నిర్ణీతకాల ఉద్యోగం ముగియడాన్ని ఆ నిర్వచనం నుంచి మినహాయించింది. అంటే కాలాన్ని కర్తగా నిలిపే వాక్యానికి శాసనమే బలమిచ్చింది. అధ్యాపకులకైతే పాత చట్టపు రక్షణ కూడా లేదు. వారు 'వర్క్‌మన్' నిర్వచనంలోకి రారని 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. విశ్వవిద్యాలయ ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల ఉన్న సుబేదారి వంటి చోట ఈ విషయం పరభాషా పరిశీలనగా మిగలదు. ఏ కళాశాలలోనైనా తాత్కాలిక అధ్యాపకుడు ఏటా చదువుకొనే వాక్యం ఇదే.

4. ఉద్యోగే కర్తగా:
2019 అక్టోబరు 5న మొదలై 52 రోజులు సాగిన తెలంగాణ ఆర్టీసీ సమ్మెలో సుమారు 48 వేల మంది పాల్గొన్నారు. గడువులోగా విధులకు రానివారు 'సెల్ఫ్ డిస్మిస్' అయినట్లేనని ప్రభుత్వం ప్రకటించింది. పత్రికలు ఆ మాటను తెలుగులోకి మార్చకుండానే వాడాయి. మార్చితే 'తమను తాము తొలగించుకొన్నారు' అవుతుంది. తొలగింపుకు తొలగించేవాడు, తొలగేవాడు అని ఇద్దరు కావాలి. ఇద్దరినీ ఒక్కరిగా చేసిన ఆ వాక్యంలోని అసంబద్ధత అనువాదంలో వెంటనే బయటపడుతుంది.

ప్రజోపయోగ సేవల్లో సమ్మెకు పారిశ్రామిక వివాదాల చట్టం 22వ సెక్షన్ నోటీసు వంటి షరతులు విధించింది. ప్రభుత్వ వాదనకు ఆ మేరకు ఆధారం ఉంది. అయితే సమ్మె చట్టవిరుద్ధమైనా 26వ సెక్షన్ చెప్పిన శిక్ష నెల వరకు జైలు లేదా 50 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కొలువు దానంతటదే పోవడం అందులో లేదు. 1993 నాటి డి.కె. యాదవ్ కేసులో తెలుగువాడైన జస్టిస్ కె. రామస్వామి ఇటువంటి ఊహనే తిరస్కరించారు. ఎనిమిది రోజులకు మించి గైర్హాజరైతే ఉద్యోగి కొలువు వదులుకొన్నట్లేనని ఆ సంస్థ స్టాండింగ్ ఆర్డర్లలో ఉంది. అయినా విచారణ లేకుండా జీవనోపాధిని తీసివేయరాదని తీర్పు చెప్పి, 50 శాతం పాత వేతనంతో తిరిగి నియమించమన్నారు.

'స్వచ్ఛంద పదవీ విరమణ' ఇంతకంటె జటిలం. 1934లో ప్రారంభమైన వరంగల్ ఆజంజాహి మిల్లు చివరికి మూతపడినప్పుడు కార్మికులు ఈ పేరుతోనే బయటికి వచ్చారు. అక్కడ సంతకం ఉంది, సొమ్ము ఉంది. న్యాయదృష్టిలో అది చెల్లుతుంది. కాని మూతపడుతున్న మిల్లులో 'స్వచ్ఛందం' అనే విశేషణం ఎంత నిజమో అడగడం విమర్శకుడి పని.

5. ముగింపు:
కర్తను గుర్తించినంత మాత్రాన వివాదం తీరదు. సాక్ష్యం, చట్టం ఆ పని చేయాలి. అయితే కర్త కనిపించని చోట విచారణ అడగడమే కష్టమవుతుంది. స్టాండింగ్ ఆర్డర్లను కార్మికుల్లో అధికసంఖ్యాకులకు అర్థమయ్యే భాషలో ప్రదర్శించాలని 1946 చట్టం నిర్దేశించింది. ఆ భాష లిపిలో మాత్రమే తెలుగైతే చాలదు. ఎవరు, ఎవరిని, ఏ కారణంతో తొలగిస్తున్నారో చెప్పే వాక్యం కావాలి. 'తొలగించడమైనది' స్థానంలో 'తొలగిస్తున్నాము' అని రాయించడానికి కొత్త చట్టం అక్కరలేదు. కార్యాలయ భాషను బోధించే తెలుగు శాఖలు ఈ మార్పును తమ పాఠ్యాంశాలతో మొదలుపెట్టవచ్చు.