రేకు వెనక తడి

వ్యాన్‌ని తిరిగే ఇల్లుగా మార్చుకునేవాళ్లు ఇద్దరు కలిస్తే మాట గోడల్లో వేసే ఇన్సులేషన్ ఆర్-వాల్యూ మీదికే పోతుంది. అంగుళం మందానికి ఎంత, ఏది చవక, ఏది మేలు. చలిని ఎంత ఆపుతుందో ఆ అంకె చెబుతుంది గానీ, తడిస్తే ఏమవుతుందో చెప్పదు. సియాటెల్ పక్కన, చలికాలమంతా ముసురు పట్టే చోట ఉండే మాకు రెండోదే ముఖ్యం.

పైకప్పు కారకపోయినా తడి తప్పదు, అది మన నుంచే పుడుతుంది. ఇద్దరు పడుకుని లేచేసరికి ఊపిరిలోనూ ఒంటి మీంచీ పోయే నీరు దాదాపు అర లీటరు. ప్రొపేన్ పొయ్యి కిలో గ్యాసు తాగితే ఒకటిన్నర కిలోల పైచిలుకు నీరు ఆవిరిగా వదులుతుంది. దానికి తోడు మన వంటలు: పొంగే అన్నం, మరిగే చారు. లోపల 20 డిగ్రీలు, తేమ 60 శాతం ఉందనుకోండి. 12 డిగ్రీలకు చల్లబడిన దేని మీదైనా ఆ ఆవిరి నీరు కడుతుంది. జనవరి రాత్రి మా వ్యాన్ రేకు అంతకంటే చాలా చల్లగా ఉంటుంది.

అందుకే ఫైబర్‌గ్లాస్‌ని మొదట్లోనే పక్కన పెట్టాను. ఇంటి గోడలో బాగానే ఉంటుంది. కుదుపుల్లో మాత్రం కిందికి కుంగి, తడిని రేకుకు ఆనించి పట్టుకుంటుంది. తుప్పుకు అంతకంటే ఏం కావాలి? గొర్రె ఉన్ని మీద నాకు మోజు ఉండేది. తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా ముట్టుకుంటే తడి తెలియదు, గాలి పొడిబారితే తిరిగి వదిలేస్తుంది. ఆ పొడి గాలే మా దగ్గర కరువు.

పనితనం ఒక్కటే చూస్తే క్లోజ్డ్ సెల్ స్ప్రే ఫోమ్‌ది పైచేయి. రేకుకే అతుక్కుంటుంది, వెనక సందు ఉండదు, ఆవిరి రేకును చేరదు. అయినా నాకు నచ్చలేదు. రేపు ఒక వైరు మార్చాలన్నా, సొట్ట తీయించాలన్నా దాన్ని చెక్కి పారేయాలి. బాగుచేసుకోవడానికి వీల్లేని పని చేతిపనే కాదని నా మొండివాదం.

చివరికి థిన్సులేట్ అనే సింథటిక్ పోగుల పరుపు వేశాను. దాని పోగులు నీళ్లు పీల్చుకోవు. ఆవిరి దాన్ని దాటి రేకు మీద నీరు కట్టొచ్చు, అది నిజమే. కానీ వచ్చిన దారినే ఎండిపోగలదు. ఆ దారి మూసేయకూడదనే లోపలి వైపు పాలిథిన్ షీటు వేయలేదు. ప్రతి మర చిల్లు నుంచీ ఆవిరి దూరే చోట ఆ షీటు చేసేదల్లా లోపలికెళ్లిన తడిని బంధించడమే. తలుపుల అడుగున కంపెనీవాళ్లు వదిలిన నీటి రంధ్రాలనూ కప్పలేదు. ఉక్కు పక్కటెముకలని మాత్రం వదలకండి. ఫోమ్ కన్నా ఉక్కు వెయ్యి రెట్లు పైగా వేడిని మోస్తుంది. గోడంతా కప్పి వాటిని వదిలేస్తే నీళ్లన్నీ అక్కడే చేరతాయి. ఇక పైకప్పు ఫ్యాన్ లేకుండా వీటిలో ఏది వేసినా డబ్బు దండగ. చలిగా ఉందని దాన్ని కట్టేసే అతిథులతో నాకు ఎప్పుడూ పేచీయే.

మొన్న విశాఖ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. టెంపో ట్రావెలర్ కొన్నాడట. "మీరు వేసిందే నేనూ వేసేస్తాను బావా" అన్నాడు. వద్దన్నాను. అక్కడ చలి లోపల, ఆవిరి బయట. మే నెలలో ఏసీ 22లో పెడితే, సముద్రపు గాలి సందుల్లోంచి దూరి లోపలి చెక్క వెనక నీరు కడుతుంది. పోగులతో చేసినది ఆ గాలిని ఆపలేదు. ఏసీ రాగి గొట్టాలకు చుట్టే నల్ల రబ్బరు ఫోమ్ ఉంటుంది చూడు, అదే షీట్లుగా దొరుకుతుంది, సందు లేకుండా రేకుకు అంటించమన్నాను. ఎవరినడగాలన్నాడు. వ్యాన్లు కట్టేవాళ్లని కాదు, డక్టుల పని చేసే ఏసీ మెకానిక్‌ని అడగమన్నాను.