శ్రవణ ప్రశ్నలలో లిపి జోక్యం

మూడుల్ వంటి వేదికల్లో ప్రశ్నకు ధ్వనిముద్రణ జోడించడం నేడు సులభం. ఆ ధ్వని దేనిని పరీక్షిస్తున్నదన్నదే ప్రశ్న. తెలుగును రెండవ భాషగా నేర్చుకునే విద్యార్థికి ‘మేడ’ అన్న మాట వినిపిస్తూ, దానినే తెరపై అక్షరాల్లో చూపితే అతడు వినకుండానే సమాధానం గుర్తిస్తాడు. అక్కడ పరీక్షకు నిలిచింది లిపిజ్ఞానమే. తెలుగు లిపి హ్రస్వదీర్ఘాలను స్పష్టంగా చూపుతుంది కనుక ఈ చిక్కు మనకు మరీ ఎక్కువ. మెడ, మేడల బొమ్మలు మాత్రమే ఇచ్చి మాట వినిపిస్తే చెవికి పని పడుతుంది.

లిపి చూపని చోట ధ్వని అనివార్యం. ‘చలి’, ‘చంద్రుడు’ రెండింటా ఒకే చకారం రాస్తాం. మొదటిది దంత్యం, రెండవది తాలవ్యం. ఈ భేదాన్ని చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రీకరించాడు. బ్రౌన్ 1852 నాటి నిఘంటువులో ప్రత్యేక చిహ్నంతో గుర్తించాడు. నేటి సాధారణ ముద్రణలో ఆ చిహ్నం లేదు. కాబట్టి అభ్యాసకుడికి ధ్వనిముద్రణే ఆధారం. (ప్రశ్నకర్తలు ఎక్కువగా విస్మరించేదీ దీనినే.)

అయితే ఉచ్చారణ అన్ని ప్రాంతాల్లో ఒకే తీరున లేదు. ఒక్క గొంతునే ప్రమాణంగా నిలిపి, ఇంట్లో మరోలా విన్న ప్రవాస విద్యార్థికి మార్కు తగ్గించడం అన్యాయం. కోస్తా, రాయలసీమ, తెలంగాణ కంఠాలు మూడూ ప్రశ్ననిధిలో ఉండాలి.