తప్పుకున్నదెవరు, తప్పించినదెవరు? పోర్చుగీసు న్యాయపదాల అనువాదంపై ఒక పరిశీలన

2021 మార్చి 23న బ్రెజిల్ సుప్రీం ఫెడరల్ కోర్టు రెండో ధర్మాసనం 3–2 మెజారిటీతో ఒక నిర్ణయం ప్రకటించింది. మాజీ అధ్యక్షుడు లూలా డ సిల్వాను 2017లో అపార్ట్‌మెంటు కేసులో దోషిగా తేల్చిన న్యాయమూర్తి సెర్జియో మోరో గురించిన నిర్ణయమది. అదే ఏడాది జూన్‌లో పూర్తిస్థాయి ధర్మాసనం దానిని నిలబెట్టింది. ఆ నిర్ణయానికి పోర్చుగీసులో పేరు 'సుస్పెయిసావ్'. ఆ న్యాయమూర్తికి తగిలిన విశేషణం 'సుస్పెయితో'. (పోర్చుగీసు ఉచ్చారణ దేశాన్ని బట్టి మారుతుంది, ఇక్కడ అక్షరక్రమానికి దగ్గరగా రాస్తున్నాను.)

సంపర్క తరగతుల్లో ఈ వాక్యాన్ని అనువాదానికి ఇస్తే నాకు వచ్చిన సమాధానాల్లో ఎక్కువ భాగం ఇలా ఉండేవి: "ఆ న్యాయమూర్తిని కోర్టు అనుమానితుడిగా ప్రకటించింది." వ్యాకరణం సరిగానే ఉంది. నిఘంటువు కూడా ఆ విద్యార్థుల పక్షమే. కానీ తెలుగు పత్రికలు చదివేవారికి 'అనుమానితుడు' అంటే ఎవరో మీకు తెలుసు: దొంగతనం జరిగిన వీధిలో పోలీసులు పట్టుకెళ్లిన మనిషి. న్యాయమూర్తిపై కోర్టు ఏదో నేరం మోపిందని పాఠకుడు అనుకుంటాడు. అసలు నిర్ణయం వేరు. ఆ కేసులో ఆయన నిష్పక్షపాతంగా వ్యవహరించలేదని, అందువల్ల ఆ కేసులో ఆయన చేసిన పని చెల్లదని కోర్టు చెప్పింది. నేర నిర్ధారణకూ దీనికీ సంబంధం లేదు. ఒక మనిషి పరువు, ఒక తీర్పు చెల్లుబాటు రెండూ ఈ ఒక్క మాట మీద ఆధారపడి ఉన్నాయి. కాబట్టి దీన్ని కాస్త నిదానంగా చూద్దాం.

బ్రెజిల్ 2015 సివిల్ ప్రక్రియా స్మృతిలో 144, 145 అధికరణాలు పక్కపక్కనే ఉంటాయి. 144వది 'ఇంపెదిమెంతో' గురించి, 145వది 'సుస్పెయిసావ్' గురించి. మొదటిదానిలోని సందర్భాలన్నీ కాగితం మీద రుజువు చేయగలిగినవి. న్యాయమూర్తి గతంలో ఆ కేసులోనే ఒక కక్షిదారు తరఫున వ్యవహరించడం, సాక్ష్యం చెప్పడం, కింది కోర్టులో ఉండగా ఆ కేసులో తానే తీర్పు ఇవ్వడం, భార్య లేదా భర్త, దగ్గరి బంధువు కక్షిదారు కావడం వంటివి. బంధుత్వం ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఆ బంధువు మీద న్యాయమూర్తికి ప్రేమ ఉందో లేదో ఎవరూ అడగరు. రెండోదానిలో మనసు ప్రవేశిస్తుంది. కక్షిదారుతోనో న్యాయవాదితోనో గాఢ స్నేహం లేదా శత్రుత్వం, కేసుతో సంబంధం ఉన్నవారి నుంచి కానుకలు తీసుకోవడం, అప్పు ఇచ్చిపుచ్చుకోవడం, ఒకరు గెలవాలన్న ఆసక్తి ఇందులోకి వస్తాయి.

ఫలితం కూడా వేరు. బ్రెజిల్ సివిల్ ప్రక్రియలో తీర్పు అంతిమమైపోయిన తరువాత కూడా, దాన్ని ఇచ్చిన న్యాయమూర్తికి 'ఇంపెదిమెంతో' ఉందని తేలితే ఆ తీర్పు రద్దుకు ప్రత్యేక దావా వేయవచ్చు. 966వ అధికరణం ఆ అవకాశం ఇస్తుంది. 'సుస్పెయిసావ్'కు ఆ జాబితాలో చోటు లేదు. రెండింటినీ మీరు 'పక్షపాతం' అని ఒకే మాటతో అనువదిస్తే, ఒక తీర్పు ఎందుకు కూలిందో, మరొకటి ఎందుకు నిలిచిందో తెలుగు పాఠకుడికి ఎప్పటికీ అర్థం కాదు.

'ఇంపెదిమెంతో'కు తెలుగు మాట వెతికితే మొదట తగిలేది 'అనర్హత'. నేనూ కొన్నేళ్లు అదే వాడాను. ఇప్పుడు వాడను. మన రాజకీయ వార్తల్లో అనర్హత ఒక 'వేటు'గా మారింది. అది ఎవరి మీదో పడుతుంది, పడ్డవాడు తప్పు చేసినట్టు ధ్వనిస్తుంది. అన్న కూతురు దావా వేస్తే న్యాయమూర్తి చేసిన తప్పేముంది? 'ప్రతిబంధకం' మేలు. అది దారికి అడ్డంగా ఉన్నదాన్ని చెబుతుందే తప్ప నడిచేవాడి గుణాన్ని చెప్పదు. ఒక హెచ్చరిక: ఇదే పోర్చుగీసు మాట బ్రెజిల్ ఫుట్‌బాల్ వార్తల్లో ఆఫ్‌సైడ్‌కూ, రాజకీయ వార్తల్లో అధ్యక్షుణ్ణి అభిశంసనతో తొలగించడానికీ వస్తుంది. ముందూ వెనకా చూడకుండా నిఘంటువులోని మొదటి అర్థాన్ని ఎత్తి రాసేవారికి ఈ మాట మంచి గుణపాఠం చెబుతుంది.

'సుస్పెయిసావ్'కు నా సూచన 'పక్షపాత శంక'. 'అనుమానాస్పద' అన్న రూపం జోలికి వెళ్లకండి. అది మన భాషలో 'మృతి' అన్న మాటకు అంటుకుపోయింది. వాక్యంలో వాడవలసి వచ్చినప్పుడు "ఆయన నిష్పాక్షికతను శంకించడానికి తావుంది" అంటే చాలు. 'తావుంది' అనడంలో నేరారోపణ లేదు, మొహమాటమూ లేదు.

నామవాచకాల సంగతి ఇంతటితో ఆపుతాను. అసలు చిక్కు క్రియల్లో ఉంది. మన దగ్గరికి పోర్చుగీసు నేరుగా రాదు. మేస్త్రీ, బొత్తాం, అల్మారా ఆ భాష నుంచి ఓడల మీద వచ్చాయి గాని, న్యాయశాస్త్రం మాత్రం ఇంగ్లీషు మీదుగా వస్తుంది. ఇంగ్లీషులో 'రెక్యూజ్' చేసుకునేది న్యాయమూర్తి. మన పత్రికలు దాన్ని "విచారణ నుంచి తప్పుకున్న న్యాయమూర్తి" అని చక్కగా తెలుగు చేశాయి. పోర్చుగల్ శిక్షా ప్రక్రియా స్మృతిలోనూ చూడడానికి అలాంటి మాటే ఉంది: 'రెకూజా'. రెండూ ఒకే లాటిన్ ధాతువు నుంచి పుట్టాయి. కానీ పోర్చుగల్‌లో 'రెకూజా' చేసేది న్యాయమూర్తి కాదు. ప్రాసిక్యూషన్‌గాని, నిందితుడుగాని, కేసులోని మరో పక్షంగాని "ఈ న్యాయమూర్తి మాకు వద్దు" అని అభ్యంతరం చెప్పడమే 'రెకూజా'. ఇంగ్లీషు మీదుగా వచ్చిన అనువాదకుడు ఇక్కడ కర్తనే మార్చేస్తాడు. నిందితుడి అభ్యంతరం కాస్తా న్యాయమూర్తి ఔదార్యమైపోతుంది.

మరి పోర్చుగల్‌లో న్యాయమూర్తి తనంతట తాను తప్పుకోలేడా? ఇక్కడ చట్టం చిత్రంగా ఉంటుంది. బంధుత్వం వంటి ప్రతిబంధకం ఉంటే ఆయనే వెంటనే ఆ మాట ప్రకటించి పక్కకు జరగాలి. పక్షపాత శంక దగ్గరకు వచ్చేసరికి, న్యాయమూర్తి తనను తాను స్వచ్ఛందంగా 'సుస్పెయితో' అని ప్రకటించుకోరాదని సివిల్, శిక్షా స్మృతులు రెండూ స్పష్టంగా నిషేధిస్తాయి. తనను ఆ కేసు నుంచి మినహాయించమని ఆయన అడగవచ్చు, అంతే. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం పైవారి చేతిలో ఉంటుంది. శిక్షా స్మృతిలో ఈ అభ్యర్థన పేరు 'ఎస్కూజా'. దీన్ని చూడగానే ఇంగ్లీషు 'ఎక్స్‌క్యూజ్' గుర్తొచ్చి 'సాకు' అనో 'క్షమాపణ' అనో రాసినవాళ్లున్నారు. సాకు చెప్పేవాడు పని ఎగ్గొట్టేవాడు. ఈ న్యాయమూర్తి పని ఎగ్గొట్టడం లేదు, అనుమతి అడుగుతున్నాడు. 'మినహాయింపు అభ్యర్థన' అనండి.

ఈ చిక్కును విప్పడానికి తెలుగు క్రియలో ఒక సౌకర్యం ఉంది. తప్పుకొను, తప్పించు, తప్పించుకొను: మూడింటి ధాతువూ ఒకటే, పని చేసేది ఎవరో మాత్రం ప్రత్యయం చెప్పేస్తుంది. బ్రెజిల్ న్యాయమూర్తి పక్షపాత శంక ఉన్న కేసు నుంచి తప్పుకుంటాడు. పోర్చుగల్ న్యాయమూర్తి తనను తప్పించమని కోరతాడు. కక్షిదారు న్యాయమూర్తిని తప్పించమని కోరితే అది 'రెకూజా'. తప్పించుకోవడం ఇందులో ఏ ఒక్కరూ చేయడం లేదు. తొందరలో అనువాదకుడు చేయిస్తాడు. మీరు అనువదించేటప్పుడు నామవాచకం దగ్గర ఆగిపోకుండా, ముందుగా వాక్యంలో కర్త ఎవరో పట్టుకోండి. చాలాసార్లు క్రియ కుదిరాక నామవాచకం తనంతట వచ్చి కూర్చుంటుంది.

ఈ తేడాను మన దేశపు అనుభవంతో పోల్చి చూడవచ్చు. జాతీయ న్యాయనియామకాల కమిషన్ కేసులో, 2015లో, ధర్మాసనానికి నేతృత్వం వహించిన జస్టిస్ ఖేహర్‌ను తప్పుకోవలసిందిగా కోరారు. ఆయన నిరాకరించి, కారణాలు రాశారు. అంటే ఇక్కడ అభ్యంతరం విన్నదీ, నిర్ణయించడంలో ప్రధాన పాత్ర వహించినదీ ఎవరి మీద అభ్యంతరం వచ్చిందో ఆయనే. దీనికి అలవాటుపడిన మన చెవికి పోర్చుగల్ పద్ధతి కొత్తగా వినిపిస్తుంది. అందుకే అనువాదకుడు దాన్ని తెలియకుండానే మన పద్ధతిలోకి వంచేస్తాడు.

చిన్న మాటలు కొన్ని ఉన్నాయి. బ్రెజిల్ శిక్షా ప్రక్రియా స్మృతిలో న్యాయమూర్తి కక్షిదారుకు 'ఇనిమిగో కపితాల్' అయితే అది పక్షపాత శంకకు కారణం. దీన్ని 'ప్రధాన శత్రువు' అని రాస్తే శత్రువుల పట్టికలో మొదటివాడు అనిపిస్తుంది. మనకు 'బద్ధశత్రువు' ఉండగా ఆ అవస్థ ఎందుకు? దాని జోడీ 'అమిగో ఇంతిమో'కు 'ప్రాణస్నేహితుడు' సరిపోతుంది. ఇవి ఏ జంకూ లేకుండా తెలుగులోకి వచ్చేస్తాయి.

రానిది ఒకటుంది. బ్రెజిల్ 145వ అధికరణంలోనే న్యాయమూర్తి 'ఫోరో ఇంతిమో' కారణంగా, ఆ కారణమేమిటో చెప్పనవసరం లేకుండానే తప్పుకోవచ్చని ఉంది. 'ఫోరో' అంటే న్యాయస్థానం, 'ఇంతిమో' అంటే లోపలిది. మనిషి లోపల ఒక కోర్టు ఉందని, దాని విచారణ బయటికి చెప్పనక్కర్లేదని ఆ మాటలోని ఊహ. తెలుగులో దానికి దగ్గరి మాట 'మనస్సాక్షి'. చూడండి, మన మాటలో లోపల కూర్చున్నది సాక్షి. పోర్చుగీసు మాటలో కూర్చున్నది ఏకంగా న్యాయస్థానం. సాక్షిని ప్రశ్నించవచ్చు, చెప్పమని నిలదీయవచ్చు. కారణం చెప్పనక్కర్లేని ఆ హక్కు 'మనస్సాక్షి' అన్న మాటలో ఇమడదు. 'అంతరంగ కారణం' అని నేను రాస్తున్నాను. అందులో కోర్టు పోయింది, గోప్యత మిగిలింది. చట్టానికి కావలసింది గోప్యతే కనుక ప్రస్తుతానికి సరిపెట్టుకున్నాను. మీకు ఇంతకంటే మంచి మాట తోస్తే మీ అభ్యాస పత్రంలో రాసి పంపండి, ఎందుకు ఎంచుకున్నారో రెండు వాక్యాలు జతచేసి.