పాత తూము వాటం

వట్లూరు, ఏలూరు చుట్టుపక్కల ఇంకా మిగిలిన మండువా లోగిళ్లని చూడ్డానికి వెళ్తే, ఇంటివాళ్లు చెక్కిన స్తంభాలూ టేకు దూలాలూ చూపిస్తారు. తూము చూపించరు. ఇల్లు కట్టిన మేస్త్రికి అసలు పరీక్ష పెట్టేది మాత్రం అదే. మండువా మూలన చిల్లుల రాతిపలక ఉంటుంది. దాని కింద జానెడు నోరు. నాలుగు వైపుల పెంకుల కప్పు మీద పడ్డ వానంతా లోపలికే దిగి, ఆ నోట్లోంచి గదుల కిందుగా, అరుగు కిందుగా వీధి కాలవలోకి పోవాలి. కుండపోతగా కురిసిన రోజు కూడా మండువాలో నీళ్లు వసారా మీదికి ఎక్కకూడదు.

దీనికి కావలసింది వాటం. ఇక్కడ నేల అది ఇవ్వదు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లం ఇది. తమ్మిలేరు ఏలూరు దగ్గర రెండు పాయలై కొల్లేటికి చేరుతుంది. కొల్లేటి నీళ్లు ఉప్పుటేరు మీదుగా నెమ్మదిగా సముద్రానికి నడుస్తాయి. ఇలాంటి బల్లపరుపు నేల మీద దిగుడు కావాలంటే మేస్త్రి దాన్ని కట్టుకోవాలి. అరుగుని అంత ఎత్తు లేపడానికి వరద భయం ఒక కారణమైతే, తూముకి వాటం దొరకడం రెండో కారణం. 4 అంగుళాల గొట్టం 40 అడుగుల దూరంలో 1 అడుగు దిగాలని పాత లెక్క. 6 అంగుళాలదైతే 60 అడుగులకి 1 అడుగు. మండువా నుంచి వీధికి 60 అడుగులున్న ఇంట్లో 4 అంగుళాల గొట్టానికి అడుగున్నర దిగుడు కావాలి. అది అరుగు ఎత్తులోంచే రావాలి. వాటం సరిపోతే నీరు మట్టినీ వెంటబెట్టుకుని పోతుంది. తగ్గితే నీరు జారిపోయి మట్టి అడుగున మిగులుతుంది. పూడిక కథ సగం ఇదే.

పాత తూము ఇటుకతో, సున్నంతో కట్టినది. పైన కడప బండ మూత. శ్రద్ధగా కట్టినదైతే అడుగు చదునుగా ఉండదు, మధ్యకి పల్లంగా సున్నం దిద్ది ఉంటుంది. చెంబెడు నీళ్లే వచ్చినా చదును అడుగున పల్చగా పరుచుకుని ఆగిపోకుండా, నడిమి పల్లంలో చేరి లోతుగా, జోరుగా నడుస్తాయి. 19వ శతాబ్దంలో లండన్ మురుగు కాలవల్ని సన్నని వైపు కిందికి ఉండేలా గుడ్డు ఆకారంలో కట్టడం వెనకా ఇదే ఆలోచన.

ఆ తూముకి తరవాతి తరం స్టోన్‌వేర్ గొట్టాలు తగిలించింది. బట్టీ మంచి వేడి మీద ఉన్నప్పుడు అందులో ఉప్పు చల్లుతారు. ఆ ఆవిరి మట్టి మీద గాజు పొరలా పట్టి గొట్టాన్ని నున్నగా, ఆమ్లాలకి కూడా లొంగకుండా చేస్తుంది. గొట్టం మాత్రం పొట్టిది, చాలావరకు 2 అడుగులే. అంటే 40 అడుగుల్లో 20 అతుకులు. ప్రతి గొట్టానికీ ఒక కొస వెడల్పు నోరు. ఆ నోరు నీళ్లు వచ్చే వైపుకి తిరిగి ఉండాలి. రెండో గొట్టం మొన అందులో దూర్చి, చుట్టూ తారులో ముంచిన జనపనార దట్టించి, సిమెంటు మెత్తి, తాపీతో ఏటవాలుగా దిద్దాలి. నార ఎందుకంటే, సిమెంటు లోపలికి జారి గొట్టంలో గడ్డ కట్టకుండా. ఈ ఒక్క పనిలో చెయ్యి తొందరపడితే, ఆ గడ్డ దగ్గర యాభై ఏళ్లపాటు వెంట్రుకలు తట్టుకుంటూనే ఉంటాయి.

దీని మీద మూడో తరం పీవీసీ. ఒకే ఇంటి కింద మూడు కాలాల పని ఒకదానికొకటి తగిలి ఉంటుంది. ఇటుక తూములోకి గొట్టం దూరిన చోట, గొట్టంలోకి పీవీసీ దూరిన చోట చిన్న మెట్టు మిగులుతుంది. డెల్టా నల్లమట్టి వానకి ఉబ్బి ఎండకి నెర్రెలిస్తుంది. ఆ కదలికకి సిమెంటు అతుకు సన్నగా చీలుతుంది. అందులోంచి వచ్చే తడి కోసం రావి వేరు వెతుక్కుంటూ వస్తుంది. లోపలికి దూరేటప్పుడు అది దారమంత. లోపల జడలు జడలుగా పెరుగుతుంది. కాబట్టి పని తెలిసినవాడు ముందు ఇంటి వయసు అడుగుతాడు. తరవాత స్నానాలగది ఎప్పుడు కట్టారు, పెరట్లో ఏ చెట్టుండేది, ఎప్పుడు కొట్టేశారు అని. కొట్టేసిన చెట్టు వేళ్లు కూడా గొట్టంలో ఉంటాయి మరి.

ఆ తరవాతే బకెట్టు. "అమ్మగారూ, నేను చెప్పినప్పుడు పొయ్యండి, ఒక్కసారే కుమ్మరించకండి" అని పెరట్లోకి వెళ్లి నిలబడతాడు. ఒక్క సింకే నిదానిస్తే అడ్డు దాని బిగింపులోనే. సింకూ స్నానాలగదీ రెండూ నిదానిస్తే, రెండూ కలిసిన చోటికి దిగువన. ఇల్లంతా ఆగితే పెద్ద గొట్టంలో. వంటింట్లో పోసిన నీళ్లకి స్నానాలగది నహానీ ట్రాప్ బుడబుడమంటే, నీటి వెనక చిక్కుకున్న గాలి బయటికి దారి లేక అటు తోసుకొస్తోందన్నమాట. గాలి గొట్టం పూడి ఉండొచ్చు, పెద్ద గొట్టం సగం పూడి ఉండొచ్చు. వేసవిలో వాడని గదిలోంచి కంపు వస్తే అసలు అడ్డే లేకపోవచ్చు. ట్రాప్ వంపులో నిలిచే రెండంగుళాల నీరే కంపుని ఆపే మూత, అది ఎండిపోయింది. చెంబెడు నీళ్లు పోస్తే సరి. ఈ వంపుకి 1775లో పేటెంటు తీసుకున్న అలెగ్జాండర్ కమ్మింగ్ వృత్తిరీత్యా గడియారాలు చేసేవాడు. కదిలే భాగం ఒక్కటీ లేని యంత్రం అతని చేతి నుంచి రావడం నాకు భలే ఇష్టమైన సంగతి.

దూరం కట్టే లెక్క ఇంకా ముచ్చటగా ఉంటుంది. 4 అంగుళాల గొట్టం మీటరుకి సుమారు 8 లీటర్లు పట్టుకుంటుంది. రాత్రంతా నీళ్లు వాడకుండా వదిలేస్తే, సన్నగానైనా కారి గొట్టం ఖాళీ అవుతుంది. తెల్లవారి కొలిచి పోస్తే, ఎన్ని లీటర్లకి నీరు పైకి తేలిందో చూసి అడ్డు సుమారుగా ఎన్ని మీటర్ల అవతల ఉందో చెప్పొచ్చు. ఏ గొట్టం ఎటు పోతోందో తెలియని ఇంట్లో కాస్త నీలిమందు కలిపి పోస్తే రంగు ఏ ఛాంబరులో తేలుతుందో అదే జవాబు. ఛాంబరు మూత ఎత్తి చూడ్డం అన్నిటికంటే సూటి పరీక్ష: నిండి ఉంటే అడ్డు దిగువన, పొడిగా ఉంటే ఎగువన. రెండు ఛాంబర్లలో ఒకటి నిండుగా ఒకటి పొడిగా ఉంటే, రెంటి మధ్యే.

అప్పటికి గాని పనిముట్టు చేతికి రాదు. ఊళ్లో పాత పనిముట్టు వెదురు బద్ద. పచ్చి వెదురుని నిలువునా చీల్చి, కణుపులు నున్నగా చెక్కి, కొసకి గోనెగుడ్డ బిగిస్తారు. ఎండు వెదురు వంపు దగ్గర పుటుక్కున విరుగుతుంది, పచ్చిది వంగుతుంది. కొల్లేట్లో దోనె నడిపేవాడికి గడ కొసన తగిలింది బురదో వేరో అరచేతికే తెలిసినట్టు, బద్ద తోసేవాడికీ తెలుస్తుంది. మెత్తగా దిగి తిరిగి రాకపోతే కొవ్వు, పిండి. స్ప్రింగులా వెనక్కి తోస్తే వేరు. టక్కున తగిలి అక్కడే ఆగితే విరిగిన గొట్టం ముక్కో, అతుకు మెట్టో. మెట్టుకి కొడితే గొట్టం పగులుతుంది, అందుకని అతను తొయ్యడు. కొస పక్కకి తిప్పి మెట్టు ఎక్కిస్తాడు.

ఇక్కడే నాకు అన్నిటికంటే నచ్చిన పని ఉంది. బద్ద ఆగిన చోట, తూము నోటి అంచున బొటనవేలితో పట్టుకుని, ఆ పట్టు వదలకుండా బయటికి లాగుతాడు. గొట్టం పోయే దిక్కునే నేల మీద పరుస్తాడు. కొస ఎక్కడికి వచ్చిందో అక్కడ సుద్దతో గీత. తవ్వవలసి వస్తే ఆ గీత దగ్గర ఒక్క గొయ్యి చాలు. పని రానివాడు గచ్చంతా పగలగొడతాడు.

కొసన ఏం వచ్చిందో కూడా చదువుతాడు. నూనెతో సున్నిపిండి కలిసి, కుంకుడు తొక్కలు పట్టుకుని, వెంట్రుకలతో తాడైనది స్నానాలగదిది. గంజి, బూడిద, కొబ్బరి పీచు, మధ్యలో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు చేప పొలుసులు ఉంటే అంట్లు తోమే చోటిది; కొల్లేటి పక్క ఊళ్లలో పొలుసు లేని తూము అరుదు. ఎర్రని సన్న వేళ్లు వస్తే అతుకు చీలింది. ఇంటి వాడకంలో ఎక్కడా లేని నల్లమట్టి వస్తే గొట్టమే కుంగింది. అప్పుడు శుభ్రం చేసి వదిలేస్తే ఆరు నెలల్లో మళ్లీ పిలుపొస్తుంది కాబట్టి తవ్వాల్సిందేనని చెబుతాడు.

వీలైనప్పుడల్లా పొడి ఛాంబరులోంచి ఎగువకి పొడుస్తారు. అడ్డు విడగానే వెనక ఆగిన నీరే గొట్టాన్ని కడుగుతుంది. నోటికి ఎదురుగా మాత్రం నిలబడరు. దిగువ నోటికి ముందే జల్లెడ అడ్డం పెడతారు, లేకపోతే ఇక్కడ వదిలినది వీధి దగ్గర మళ్లీ పడుతుంది. మర రాడ్లు వాడితే ఎప్పుడూ కుడివైపుకే తిప్పాలి. ఎడమకి తిప్పితే మర ఊడి రాడ్డు లోపలే ఉండిపోతుంది. రబ్బరు గిన్నె కర్ర వాడితే మిగతా నోళ్లన్నీ తడిగుడ్డతో కుక్కాలి. ఎక్కువ పని చేసేది కిందికి నొక్కడం కంటే పైకి లాగడం. యాసిడ్ సీసాని నిజమైన పనివాడు దగ్గరికి రానివ్వడు. అది వెంట్రుకని కరిగించదు, అతుకు సిమెంటుని తింటుంది; బ్లీచింగు పౌడరుతో కలిస్తే క్లోరిను పుడుతుంది. వేళ్లకి ఇప్పుడు మోటారు కేబుళ్లున్నాయి. అమెరికాలో శామ్యూల్ బ్లాంక్ 1933లో బట్టలుతికే యంత్రం మోటారుకి ఉక్కు కేబులు, కొసన కత్తులు బిగించి చేసిన యంత్రమే వాటికి మూలం. కాని ఎక్కడ తిప్పాలో యంత్రం చెప్పదు, పాత అతుకు దగ్గర ఎప్పుడు ఆగాలో అసలే చెప్పదు.

సెప్టిక్ ట్యాంకు దగ్గర ఈ నేర్పు ఆగుతుంది. మూత తీసి గాలి ఆడనివ్వాలి, నిప్పు చూపకూడదు, రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. అది లారీ పంపు పని. ట్యాంకుల్లోకి, మురుగులోకి దిగినవాళ్ల చావులు ఆపాలని దశాబ్దాలుగా పోరాడుతున్న బెజవాడ విల్సన్‌కి 2016లో మెగసెసే పురస్కారం వచ్చింది, చావులు ఆగలేదు.

అంతా తీశాక కూడా నీరు నిదానిస్తే పనివాడు వీధిలోకి వెళ్లి, నీళ్లు నింపిన పారదర్శక గొట్టం రెండు కొసల్లో మట్టం చూస్తాడు. పాత ఇళ్లకి అసలు జబ్బు ఎక్కువగా అక్కడే బయటపడుతుంది. కంకర రోడ్డు మీద తారు, తారు మీద సిమెంటు. ఒక్కో పొరకీ వీధీ కాలవా పైకొచ్చాయి, అరుగు ఉన్నచోటే ఉంది. అడుగున్నర దిగుడులో ఇప్పుడు నాలుగంగుళాలు మిగిలితే గొప్ప. ముసురు పట్టి కొల్లేటి వైపు కాలవలన్నీ నిండిన రోజుల్లో వీధి నీరే తూములోంచి మండువాలోకి వస్తుంది. ఒకవైపే తెరుచుకునే వాల్వు పెడితే వరద ఆగుతుంది గాని వాటం రాదు. మురుగు తగిలి దాని రెక్క పూర్తిగా మూసుకోక మళ్లీ అదే గొడవ.

పెరడున్న ఇళ్లకి అతను వేరే దారి చెబుతాడు. రోడ్డు పెరిగింది గాని దొడ్డి పెరగలేదు. పాత నేల మట్టం ఇంకా అక్కడే ఉంది కాబట్టి వంటింటి, స్నానాల నీళ్లకి గొట్టం అటు తిప్పితే పోయిన దిగుడు మళ్లీ దొరుకుతుంది. నల్లమట్టిలో ఇంకుడు గుంత నెమ్మదిగా తాగుతుంది, వానాకాలంలో అసలు తాగదు; అందుకని ఒక గుంత బదులు అరటి పిలకల మధ్య పొడవాటి బోదె తీయిస్తాడు, మొదట్లో చేప పొలుసులు ఆగడానికి జల్లెడ తొట్టి పెట్టిస్తాడు. మరుగుదొడ్డి గొట్టాన్ని దీనితో కలపనివ్వడు. మండువా వాన నీరు మాత్రం పాత తూములోనే వీధికి పోతుంది. అంట్ల జిడ్డు, వెంట్రుకలు తప్పాయి కాబట్టి, మిగిలిన ఆ నాలుగంగుళాల వాటం ఉట్టి వాన నీటికి సరిపోతుందా లేదా అన్నది, మొదటి పెద్ద వానకి రాతిపలక దగ్గర నిలబడి అతనే చూసుకుంటాడు.