దారం మీదే బొమ్మ: పోచంపల్లి చిటికి పని

హైదరాబాద్ మాదాపూర్ శిల్పారామంలో చేనేత బట్టల దుకాణాల ముందు నిలబడితే పోచంపల్లి పేరుతో రెండు రకాల సరుకు కంటపడుతుంది. దూరం నుంచి రెండూ ఒకటే. చేతిలోకి తీసుకుని తిరగేస్తే తేడా బయటపడుతుంది. అచ్చు వేసిన బట్టకు వెనకవైపు రంగు వెలవెలబోతుంది. నేతలో బొమ్మ తేలిన బట్టకు మాత్రం వెనకా ముందూ అన్న భేదమే ఉండదు. ఇంకో గుర్తు బొమ్మ అంచుల్లో ఉంటుంది. అచ్చు బట్ట మీద నలుచదరం కత్తితో కోసినట్టుంటుంది. నేత బట్ట మీద అదే నలుచదరం అంచు సన్నగా చెదిరి, ఎరుపు పక్కనున్న తెలుపులోకి పిసరంత పాకి కనిపిస్తుంది. కొత్తగా కొనేవాళ్లు దాన్ని లోపమనుకుని పక్కన పెట్టేస్తారు. నన్నడిగితే డబ్బు పెట్టాల్సింది ఆ చెదరడానికే.

అదెలా వస్తుందో చూడాలంటే ఐటీ కారిడార్ వదిలి, అవుటర్ రింగు రోడ్డు పట్టుకుని నగరానికి ఆవలి కొసకు పోవాలి. విజయవాడ రహదారి మీద నుంచి లోపలికి మళ్లితే యాదాద్రి భువనగిరి జిల్లాలో భూదాన్ పోచంపల్లి వస్తుంది. 1951 ఏప్రిల్ 18న ఇక్కడే వెదిరె రామచంద్రారెడ్డి భూమిలేని పేదలకు పంచడానికి వినోబా భావేకు వంద ఎకరాలు ఇస్తానన్నాడు. ఊరి పేరు ముందు భూదాన్ అన్న మాట ఆనాటి నుంచి నిలిచిపోయింది. 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ దీన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. ఊరికి మున్సిపాలిటీ ఉంది, బిరుదు మాత్రం గ్రామానికి వచ్చింది. పద్మశాలీల ఇళ్ల మధ్య సందుల్లో నడిచి చూస్తే ఆ బిరుదు తప్పేమీ కాదనిపిస్తుంది.

ఇక పని సంగతి. కలంకారీలో బట్ట ముందు, బొమ్మ తర్వాత. జరీ బుటాలో బట్టా బొమ్మా మగ్గం మీద కలిసే పుడతాయి. దారాన్ని కట్టి రంగులద్దే ఇక్కడి చిటికి పనిలో మాత్రం బట్ట పుట్టకముందే బొమ్మ పూర్తయిపోవాలి. ఒక పేజీలోని అక్షరాలన్నీ పొడవాటి తాడు మీద ముక్కలుముక్కలుగా ముందే రాసి, ఆ తాడును మడతలు పెట్టి పేర్చితే పేజీ సరిగ్గా చదువుకోగలిగేలా ఉండాలంటే ఎంత లెక్క కావాలి? ఇక్కడి లెక్క అంతా అలాంటిదే. ఒక పోగు మీద ఎక్కడ ఎరుపు ఆగి తెలుపు మొదలవ్వాలి, దాని తర్వాతి పోగు మీద ఆ చోటు ఎంత జరగాలి అన్నది గళ్ల కాగితం మీద తేల్చుకున్నాకే పోగు చేతికి తీసుకుంటారు. ఈ గళ్లను ఇప్పుడు కంప్యూటర్‌లోనూ గీస్తున్నారు. గీతకు పట్టే సమయం తగ్గిందేమో కానీ, గీసింది దారం మీదికి ఎక్కించే పని అలాగే ఉంది.

ముందు ఆసు పోయాలి. ఒక కొసన ఒకటే మేకు, రెండో కొసన అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులుండే చట్రం అది. పేక దారాన్ని, అంటే బట్టలో అడ్డంగా పోయే దారాన్ని, ఈ కొస నుంచి ఆ కొసకూ, మళ్లీ వెనక్కూ తిప్పుతూ పోవాలి. రెండు కొసల మధ్య దూరం చీర వెడల్పుకు సరిపోతుంది. కాబట్టి ఒక కొస నుంచి రెండో కొసకు సాగిన ఒక్కో పోగూ రేపు మగ్గం మీద ఒక్కో వరుస అవుతుంది. బొమ్మలో ఒకే గీతకు చెందాల్సిన పోగులన్నీ ఒక మేకు దగ్గర గుంపుగా చేరతాయి. ఒక్క చీరకు చెయ్యి అటూ ఇటూ దాదాపు 9,000 సార్లు ఆడాలని లెక్క. తరతరాలుగా ఈ పని ఆడవాళ్లదే, భుజం నొప్పీ వాళ్లదే.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి పడే ఈ బాధ చూస్తూ పెరిగాడు. బడి మధ్యలోనే మానేసిన మనిషి ఏళ్ల తరబడి కుస్తీపట్టి 1999లో ఆసు యంత్రం తయారుచేసి దానికి తల్లి పేరే పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. ఇటు హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరుచుకున్నది దానికి ముందు ఏడాదే, 1998లో. ఇంజనీరింగ్ అన్న మాటకు ఆ రోజుల్లో మనకు తట్టిన బొమ్మ ఆ గుండ్రటి భవనమే. లక్ష్మీ ఆసు యంత్రం ఊసు నగరానికి చేరడానికి చాలాకాలం పట్టింది. 2017లో పద్మశ్రీ, 2019లో 'మల్లేశం' సినిమా వచ్చాకే చాలామందికి తెలిసింది. యంత్రం వచ్చాక ఇంకా చేనేత ఎలా అవుతుందని సాగదీసేవాళ్లున్నారు. ఆ యంత్రం తీసేసింది భుజం నొప్పిని మాత్రమే. కట్టడం, అద్దడం, నేయడం మూడూ చేతుల్లోనే ఉన్నాయి.

ఆసు పోసిన పోగులను చట్రానికి బిగించి, గళ్ల కాగితం చూస్తూ గుర్తులు పెడతారు. ఆ పైన ముళ్లు. రంగు అంటకూడని చోటల్లా రబ్బరు పీలికతో బిగించి చుడతారు. చాలా చోట్ల ఆ పీలిక పాత సైకిల్ ట్యూబును సన్నగా కోసిందే. ముడి వదులైతే రంగు లోపలికి జొరబడుతుంది. ఒకరు చెప్పే కొలత అంటూ లేదు, వేలికి తెలియాల్సిందే. కట్టే మనిషి వేళ్లను కాసేపు గమనించండి. పీలికను ఒక చుట్టు తిప్పి, దాని మీదుగా రెండో చుట్టు లాగి, కొసను కిందికి దూర్చి బిగించేసరికి మన కన్ను మొదటి చుట్టు దగ్గరే ఉంటుంది. అప్పటికి రెండో ముడి మొదలైపోతుంది.

రంగులు లేత నుంచి ముదురుకు పోతాయి. చీరలో తెలుపు, పసుపు, ఎరుపు, నలుపు ఉండాలనుకుందాం. తెల్లగా మిగలాల్సిన చోట్లు కట్టి మొత్తం పసుపులో ముంచుతారు. ఆరాక పసుపు మిగలాల్సిన చోట్లు కట్టి ఎరుపులో, ఎరుపు మిగలాల్సిన చోట్లు కట్టి నలుపులో ముంచుతారు. అంటే కట్టే మనిషి నలుపును ఎక్కడా వేయడు, మిగతా మూడింటినీ నలుపు నుంచి కాపాడుతూ వస్తాడు. వెనక్కి పోయి దిద్దుకునే దారి లేదు. ముళ్లన్నీ విప్పేదాకా తప్పయిందో ఒప్పయిందో కూడా తెలియదు. అంత బిగించి కట్టినా ముడి కింద అంచు దగ్గర రంగు వెంట్రుకవాసి లోపలికి పాకుతుంది. శిల్పారామంలో చూసిన చెదురు సగం ఇక్కడే పుట్టింది.

మిగతా సగం మగ్గం మీద పుడుతుంది. రంగు దారాన్ని వరుస తప్పకుండా కండెలకు చుడతారు. ఒక్క కండె తారుమారైతే ఏనుగు తొండం నెమలికి అతుక్కుంటుంది. గుంట మగ్గంలో కాళ్లు కిందికి దించి కూర్చున్న నేతగాడు నాడె విసిరిన వెంటనే పోగును లోపలికి కొట్టేయడు. అంచు దగ్గర వేలితో పోగును ఒక నూలంత లాగో వదిలో, కిందటి పోగు మీది రంగుతో సరిచూసుకుని అప్పుడు కొడతాడు. మామూలు నేతలో నాడె చప్పుడు ఒకే దరువుతో సాగిపోతుంది. ఇక్కడ ప్రతి విసురుకూ చిన్న ఆగుదల వినిపిస్తుంది. చీర ధరలో మీరు చెల్లించేది ఎక్కువగా ఆ ఆగుదలలకే.

నిలువు పోగులైన పడుగును మాత్రమే కట్టి అద్దడం ఒక పద్ధతి, పేకను మాత్రమే అద్దడం ఇంకో పద్ధతి. రెండింటినీ అద్ది, మగ్గం మీద ఒకదాని ఎరుపు రెండోదాని ఎరుపు మీద సరిగ్గా పడేలా నేయడం మూడోది. ఈ మూడో పని చేసేవాళ్లు ప్రపంచంలో బహు కొద్దిమంది. గుజరాత్‌లో పాటన్ పటోలా, ఇండోనేషియా బాలి దీవిలో తెంగనాన్ ఊరి బట్ట, జపాన్‌లో కొన్ని చోట్లు, మన పోచంపల్లి, పుట్టపాక. పుట్టపాకలో తేలియా రుమాలు నేస్తారు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో మళ్లీమళ్లీ నానబెట్టి ఎరుపు, నలుపు, తెలుపుల్లో తీర్చే చదరపు గుడ్డ అది. చీరాలలో పుట్టి అరబ్బుల తలపాగాలకు ఎగుమతి అయిన సరుకు. పుట్టపాక నేతగాడు గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ వచ్చింది, రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పోచంపల్లికి ఆ గుర్తింపు 2005లోనే ఉంది. ఈ విద్య పోచంపల్లికి చీరాల వైపు నుంచే వచ్చిందంటారు. ఇవాళ మనం పోచంపల్లి అనగానే తలచుకునే పట్టు ఇక్కడికి చేరింది ఇంకా ఆలస్యంగా. అంతకు ముందు అంతా నూలే.

ఇదే విద్య మధ్యధరా సముద్రంలో ఒక దీవిలోనూ ఉంది. స్పెయిన్‌కు చెందిన మయోర్కాకు పోయేవాళ్లంతా సముద్రపు ఒడ్డున ఆగిపోతారు. లోపలికి పోతే శాంతా మరియా దెల్ కమీ, యోసేత, పొయెన్సా అనే పాత ఊళ్లలో ఈనాటికీ దారాన్ని కట్టి అద్దుతున్నారు. పొయెన్సాలో విసెన్స్ కుటుంబం 1854 నుంచి ఈ పనిలో ఉంది. తెల్లటి నేల మీద నీలం, ఎరుపు, ఆకుపచ్చ మంటలు నాలుకలు చాచినట్టుండే బట్ట అది. అంచుల్లో అదే చెదురు. పోచంపల్లిని ఎరిగిన కన్ను ఆ బట్టను చూడగానే చుట్టాన్ని గుర్తుపడుతుంది. అయితే వాళ్లు అద్దేది పడుగును మాత్రమే. బొమ్మ మగ్గానికి ఎక్కేసరికే నిలువునా పరుచుకుని కనిపిస్తుంది కాబట్టి పోగుపోగుకూ ఆగి సరిచూసుకునే పని లేదు. కష్టంలో మనవాళ్లదే పైచేయి అని మొహమాటం లేకుండా చెప్పవచ్చు. వాడకంలో మాత్రం వాళ్లదే. ఆ బట్ట అక్కడ పెళ్లిళ్ల కోసం బీరువాలో దాచేది కాదు. కిటికీ తెరలు, కుర్చీ గద్దెలు, మంచం దుప్పట్లు అన్నీ దానితోనే. దీవి ఇళ్లకు అదే గుర్తు.

కొండాపూర్, గచ్చిబౌలి ఫ్లాట్లలో ఎన్ని కిటికీలున్నాయో చెప్పక్కర్లేదు. పోచంపల్లి నూలుతో దుప్పట్లు, తెరల గుడ్డ నేయడం కొత్త కాదు, పట్టుచీరతో పోలిస్తే ధరా తక్కువే. చేనేతను ఏడాదికి ఒకసారి జాతీయ చేనేత దినోత్సవమని ఆగస్టు 7న ఆఫీసుకు కట్టుకుపోయే వస్త్రంగా ఉంచేశాం. రోజూ వాడే గుడ్డగా తెచ్చుకుంటేనే మగ్గానికి ఏడాది పొడవునా పని ఉంటుంది.

వెళ్లేవాళ్లకు ఒక మాట. ఎండెక్కకముందే బయల్దేరండి. దుకాణంలోకి కాలు పెట్టకముందు ఎవరి ఇంట్లోనైనా అనుమతి అడిగి ఆసు, ముళ్లు కట్టడం, మగ్గం ఈ వరుసలోనే చూడండి. ఆ తర్వాత బేరమాడాలనిపిస్తే ఆడండి.