ఘాటీలో బండి ఊపిరి

సాలూరు దాటాక పి.కోనవలస దగ్గర రోడ్డు కొండెక్కడం మొదలుపెడుతుంది. సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్ చేరుతుంది. ఒకప్పటి 43, ఇప్పటి 26వ నంబరు జాతీయ రహదారి ఇదే. ఈ ఘాటీ వల్లే సాలూరు లారీల ఊరయింది. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసినా, విజయనగరం వాళ్లకు అది ఇంకా మన సాలూరే. బాడీ కట్టేవాళ్లు, కమాన్లు సరిచేసేవాళ్లు, డీజిల్ పంపు మేస్త్రీలు తరాలుగా పోగుచేసుకున్న విద్యలో అన్నిటికన్నా గొప్పది చెవి. స్పానర్ పట్టకముందే వినాలి. కంప్యూటర్‌తో డీజిల్ మోతాదు పెంచిన పికప్ బళ్లకు ఆ చెవి ఇప్పుడు మరీ అవసరం.

అలాంటి పికప్ వెనక క్వారీ కంప్రెసర్ ట్రాలీ తగిలించుకుని నాలుగో గేరులోనే మలుపు ఎక్కబోయిందనుకోండి. బానెట్ కింద ‘చుఫ్ చుఫ్’మని రెపరెపలాడే చప్పుడు, బండిలో కుదుపు, వెనక నల్లపొగ. దాన్నే టర్బో సర్జ్ అంటారు. ఎక్కువ డీజిల్ మండి, ఎక్కువ పొగవేడి టర్బోలోని టర్బైన్‌ను ఉరికిస్తుంది. అదే షాఫ్టుకు అటు చివరనున్న కంప్రెసర్ చక్రం గాలిని ఇంజిన్‌లోకి ఒత్తి తోస్తుంది. కానీ ఇంజిన్ 1,500 ఆర్‌పీఎం లోపే తిరుగుతుంటే అంత గాలి మింగలేదు. వెళ్లే దారిలేని గాలి చక్రం మీదికే వెనక్కి తంతుంది, మళ్లీ ముందుకు పోతుంది, మళ్లీ తంతుంది. ఆ దెబ్బలన్నీ చివరికి షాఫ్టును నిలబెట్టే థ్రస్ట్ బేరింగ్ మీద పడతాయి. పైగా కొరాపుట్ ఎత్తు సుమారు 870 మీటర్లు; అక్కడ గాలి పీడనం సముద్రమట్టం కంటే 10 శాతం దాకా తక్కువ. ఇంజిన్‌కు అదే బూస్టు (గాలి ఒత్తిడి) ఇవ్వడానికి టర్బో ఇంకా గట్టిగా ఒత్తాలి, అంటే సర్జ్ అంచుకు ఇంకా దగ్గరవుతుంది.

చప్పుడు వినగానే టర్బో మార్చేయమనేవాళ్లున్నారు. నా దృష్టిలో అది అన్యాయం. పాపం, చాలాసార్లు టర్బో తప్పేమీ ఉండదు. మంచి మేస్త్రి ముందు డ్రైవర్‌నే అడుగుతాడు: ఏ గేరులో, ఎంత లోడుతో, ఏ మలుపులో వచ్చింది? ఒక గేరు దించి ఇంజిన్‌ను తిరగనిస్తే ఆగిపోయిందంటే సగం జబ్బు తేలినట్టే.

తర్వాత ఎయిర్ ఫిల్టర్. క్వారీ దుమ్ముతో అది మూసుకుపోతే కంప్రెసర్ ముందు పీడనం పడిపోయి సర్జ్ ముందే వస్తుంది. ఆపైన ఇంజిన్ చల్లారాక గాలి పైపు విప్పి, షాఫ్టు కొసను రెండు వేళ్లతో పట్టి కదుపుతాడు. పక్కలకు కాస్త ఆడితే ఫర్వాలేదు. ముందుకూ వెనక్కీ ఆడినట్టు వేలికి తెలిసినా, చక్రం అంచు హౌసింగ్‌ను గీకిన మెరుపు కనిపించినా బేరింగ్ దెబ్బతిన్నట్టే. అప్పుడు మాత్రం టర్బో విప్పక తప్పదు. రెక్కలు కదిలే రకం టర్బోలో మసి పట్టి రెక్కలు మూసుకున్నచోటే బిగుసుకుపోవచ్చు. యాక్చుయేటర్ కడ్డీ చివరిదాకా పోయి వస్తుందో లేదో చూడాల్సింది అందుకే.

ఇవన్నీ బాగుంటే తప్పు కంప్యూటర్ ట్యూనింగ్‌దే. తక్కువ ఆర్‌పీఎంలో డీజిల్‌నూ బూస్టునూ తగ్గించి, ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ మెల్లగా ఇచ్చేలా మ్యాప్ మళ్లీ రాయించాలి. పెట్రోలు కార్ల బ్లో-ఆఫ్ వాల్వు బిగించమనే సలహా ఇక్కడ దండగ: అది యాక్సిలరేటర్ వదిలినప్పుడు పనిచేస్తుంది, ఈ సర్జ్ తొక్కినప్పుడు వస్తుంది. అంత బరువు రోజూ లాగాల్సిందే అయితే ఆ పనికి తగ్గ బండి కొనడం మేలు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడాపడేలా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా అడ్డే.

ఖాళీ బండిని షెడ్డులో ఎంత రేజ్ చేసినా ఈ చప్పుడు రాదు. రిపేరు కుదిరిందో లేదో తెలియాలంటే ట్రాలీ తగిలించి, డ్రైవర్ పక్కన మేస్త్రి కూర్చుని, అద్దాలు దించుకుని కోనవలస మలుపులు ఎక్కాలి.