తెర మీద మోత, ఫోన్లో మాట

మా ఊరు రావల్కోల్‌లో తెలిసినవాళ్ల ఇంట్లో కంప్యూటర్ మొరాయిస్తే నాకు ఫోన్ వస్తుంది. ప్రింటర్ కదలడం లేదనో, పాస్‌వర్డ్ మర్చిపోయామనో, మీ సేవ సైటు తెరుచుకోవడం లేదనో పిలుస్తారు. సాయంత్రం వస్తానంటే సరేనంటారు. ఒక్క రకం పిలుపులో మాత్రం మనిషి మాట కంటే ముందు వెనకాల మోత వినిపిస్తుంది. సైరన్ కూత, దాని మీద ఓ ఆడగొంతు ఇంగ్లీషులో అదేపనిగా హెచ్చరిక. "సారూ, కంప్యూటర్ లాకైందట. బ్యాంకు వివరాలన్నీ పోతయట. ఇండ్ల ఏదో నంబర్ ఇచ్చిండ్రు, చెయ్యాల్నా?"

చెయ్యొద్దు. ఆ మాట చెప్పి, వెంటనే సౌండు బంద్ చేయమంటాను. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ సగం వైద్యం ఇదే. మోత ఆగితేనే మనిషి ఆలోచించడం మొదలుపెడతాడు. అందుకే ఆ పేజీ తయారు చేసినవాడు మోత పెట్టాడు.

తెర నిండా పరుచుకున్నది చాలావరకు వైరస్ కాదు, ఉత్త వెబ్ పేజీ. కొత్త సినిమా ఉచితంగా చూపిస్తామనే సైటులోనో, ఒక అక్షరం తప్పు కొట్టిన అడ్రసులోనో, ఏదో ప్రకటన మీద వేలు పడ్డప్పుడో తెరుచుకుంటుంది. ఫుల్ స్క్రీన్‌లోకి వెళ్తుంది, మౌస్ బాణాన్ని దాచేస్తుంది, మైక్రోసాఫ్ట్ గుర్తు తగిలించుకుంటుంది. మీ ఐపీ అడ్రస్ ఇదీ, మీ ఊరు ఇదీ అని కూడా చూపిస్తుంది. జనం ఎక్కువ జడుసుకునేది ఇక్కడే. నిజానికి ఆ మాత్రం వివరం మనం తెరిచే ప్రతి సైటుకూ అందుతుంది. ఊరి పేరైతే ఇంటర్నెట్ కంపెనీ కనెక్షన్‌ను బట్టి వేసే అంచనా. అందుకే రావల్కోల్‌లో కూర్చున్నవాళ్లకు హైదరాబాద్ అని చూపిస్తుంది, ఒక్కోసారి ఇంకేదో ఊరు. "మన ఊరి పేరే తెల్వనోడు మన ఖాతా ఎట్ల జూస్తడు?" అని ఓ పెద్దాయన నన్నే ఎదురడిగాడు. ఆయనకు నేను చెప్పాల్సిందేమీ మిగల్లేదు.

బయటపడటం కష్టం కాదు. ఎస్కేప్ మీటను కాసేపు నొక్కిపట్టుకుంటే ఫుల్ స్క్రీన్ పోయి, మూసే గుర్తు కనిపిస్తుంది. కాకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి బ్రౌజర్‌ను ఆపేయాలి. అదీ కుదరకపోతే పవర్ బటన్ పట్టుకుని ఆర్పేయడమే. సేవ్ చేయని ఫైలు పోతే పోయింది. మళ్లీ తెరిచాక, పాత పేజీలు తెరవమంటారా అని బ్రౌజర్ మర్యాదగా అడుగుతుంది. ఒప్పుకున్నారో, మోత మళ్లీ మొదలు. కొందరికి రోజూ కింద కుడి మూలన "మీ యాంటీ వైరస్ గడువు ముగిసింది" అని చీటీలు వస్తుంటాయి. ఎప్పుడో ఏదో సైటులో 'అలో' నొక్కిన ఫలితం అది. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల జాబితా తెరిచి, ముక్కూమొహం తెలియని పేర్లన్నీ తీసేస్తే పీడ పోతుంది.

తమ హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఉండదని మైక్రోసాఫ్ట్ ఎన్నోసార్లు చెప్పింది. అసలు సంగతంతా ఆ నంబర్‌లోనే ఉంది. పేజీ మీ నుంచి పైసా తీసుకోలేదు, మిమ్మల్ని ఫోన్ దగ్గరికి నడిపించడం వరకే దాని పని. అవతలివాడు నెమ్మదిగా, ఓపికగా మాట్లాడతాడు. మీ కంప్యూటర్‌ను దూరం నుంచి నడపడానికి ఎనీడెస్కో టీమ్‌వ్యూయరో వేయించుకుంటాడు. ఇవి ఆఫీసుల్లో వాడే మంచి ప్రోగ్రాములే, అందుకే యాంటీ వైరస్ కూడా కిమ్మనదు. ఆ తర్వాత విండోస్ తన చిట్టా రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి ఎర్రగుర్తుల వరస చూపిస్తాడు. కొత్తగా కొన్న కంప్యూటర్లోనూ ఆ గుర్తులు ఉంటాయి, వాటికి అర్థం పెద్దగా ఏమీ లేదు. ఇంకో ఎత్తు నిజంగా తెలివైనది. రీఫండ్ ఇస్తామని బ్యాంకు పేజీ తెరిపించి, ఆ పేజీలో కనిపించే అంకెను మీ తెర మీదే మార్చేస్తాడు. రెండు వందలు పడాల్సిన చోట ఇరవై వేలు పడ్డట్టు కనిపిస్తుంది. "అయ్యో, పొరపాటైంది, నా ఉద్యోగం పోతుంది" అని ఏడుస్తాడు. మంచితనం ఉన్నవాళ్లే ఇక్కడ దొరికిపోతారు. ఖాతాలో పడని డబ్బును గిఫ్ట్ కార్డులు కొని తిరిగి ఇచ్చేస్తారు.

టెక్ సపోర్ట్ మోసాల్లో 2024లో పోయిన సొమ్ము 146 కోట్ల డాలర్లని ఎఫ్‌బీఐకి అందిన ఫిర్యాదుల లెక్క. అంతకుముందు ఏడాది 92 కోట్లు. ఎక్కువగా నష్టపోయింది అరవై దాటినవాళ్లు. ఇక ఫోన్ ఎత్తేవాళ్ల సంగతి మనకు కొంచెం ఇబ్బందికరం. 2024 సెప్టెంబర్‌లో సీబీఐ పుణె, హైదరాబాద్, అహ్మదాబాద్, విశాఖపట్నాల్లో సోదాలు చేసి, ఇలా అమెరికన్లను ముంచుతున్న కాల్ సెంటర్ల కేసులో 26 మందిని అరెస్టు చేసింది. 2025 మార్చిలో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో మాదాపూర్‌లో ఓ కాల్ సెంటర్ మీద పడితే 63 మంది దొరికారు. వాళ్లు చెప్పుకున్నది పేపాల్ పేరు. పిల్లల దగ్గరికని డాలస్ వెళ్లిన మన ఊరి పెద్దమనిషి, కొడుకు ల్యాప్‌టాప్ మీద మోత విని నంబర్ కొడితే, అవతల ఎత్తేది హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు లోపలివాడే కావచ్చు.

ఫోన్ చేసేసి, కంప్యూటర్ అప్పజెప్పేసినవాళ్లు చేయాల్సింది వేరు. ముందు నెట్ వైరు పీకేయాలి, వైఫై అయితే రూటర్ ఆర్పేయాలి. బ్యాంకుకు చెప్పాలి. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును దారిలో ఆపే వీలు అంత ఎక్కువ. దింపించిన ప్రోగ్రామును తీసేసి, పాస్‌వర్డులు ఇంకో పరికరం నుంచి మార్చాలి. ఇవన్నీ తెలిసీ జనం ఆలస్యం చేస్తారు, ఎందుకంటే ఇంట్లో చెప్పడానికి నామోషీ. "గింత సదువుకొని గట్లెట్ల జేసినవ్" అనే మాట కోసం ఇంట్లో ఒకరు సిద్ధంగా ఉంటారు. ఆ మాటకు భయపడి ఊరుకున్న ఒక్క రాత్రిలో డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది. దొంగకు ఇంట్లోవాళ్లు చేసిపెట్టే సాయం ఇది. తిట్టాలనిపిస్తే ఫిర్యాదు నమోదయ్యాక తిట్టండి, నాకేం అభ్యంతరం లేదు.

మొన్న డిగ్రీ అయిపోయిన ఓ కుర్రాడు వచ్చాడు. ఇంటర్నేషనల్ బీపీవోలో ఉద్యోగమట, రాత్రి డ్యూటీ, ఇంటికి క్యాబ్ వస్తదట. "జాయిన్ గావాల్నా అన్నా?" అన్నాడు. చేరే ముందు మూడు సంగతులు అడిగి రమ్మన్నాను. కస్టమర్‌తో నీ సొంత పేరే చెప్పాలా, వాళ్లకు మీ నంబర్ ఎక్కడ కనిపిస్తుంది, డబ్బు ఎట్ల కడతారు.

రెండో రోజు వచ్చి, "పేరు మాత్రం జాన్ అని చెప్పాలన్నరన్నా. మిగిలినయి ట్రైనింగ్‌ల చెప్తరట" అన్నాడు.

ఆ ట్రైనింగ్‌కు వాడు పోలేదు. వాళ్ల నాన్నకు నా మీద ఇంకా కోపమే, జీతం ఇరవై ఎనిమిది వేలు మరి.